మూడో మనిషి చదువు

మృగశిర కార్తె

ఈ కాలేజీలో చేరిన కట్టవాళ్ళందరూ రోజూ కాస్తయినా రాయాలట. రాసేటప్పుడు 'మేం' అనకూడదట, 'నేను' అనాలట. వసుంధర మేడం చెప్పింది. ఆవిడ ఇక్కడ నీళ్ళ చదువు చెబుతుంది, మాలాంటివాళ్ళు మనుషుల్లో పడడానికి కావలసిన పాఠాలు కూడా ఆవిడే చెబుతుంది. సరే, ఈ రోజు మేం వచ్చాం. కాదు, నేను వచ్చాను. మొదటి రోజే ఒక కొట్టివేత. ఇలా అయితే ఈ పుస్తకంలో కొట్టివేతలు తప్ప ఇంకేం మిగలవు.

నా పేరు నూకరత్నం. కట్ట దళంలో నా పేరు మూడు. సముద్రం మిగిలిన ఊళ్ళమీదికి రాకుండా కట్టిన గోడని కట్ట అంటాం. దాన్ని కాసే సైన్యం కట్ట దళం. అక్కడ మనుషులుండరు, జట్లుంటాయి. జట్టుకి నలుగురు. ఒకటో మనిషి నీటిని చూస్తాడు. రెండో మనిషి తాళ్ళు పట్టుకుంటాడు. మూడో మనిషి ఇసక బస్తా నింపి, మూతి కట్టి, గండిలో దింపుతుంది. నాలుగో మనిషి కట్టకి చెవి ఆనించి లోపల నీళ్ళు పాకుతున్నాయేమో వింటుంది. నలుగురికీ చెవి వెనకాల చిన్న బిళ్ళ పెట్టి ముడి వేస్తారు. ముడి ఉన్నంతకాలం ఒకరికి తెలిసింది నలుగురికీ తెలుస్తుంది. అందుకే ఏ పాఠం చెప్పినా మొత్తం ఎవరూ మొయ్యరు, ఎవరి పాలు వాళ్ళు పట్టుకుంటారు.

కాలం తీరాక బిళ్ళ తీసేసి, ముడి విప్పి, చేతిలో చదువు హక్కు పెట్టి పంపుతారు. ఫీజు, తిండి, గది అన్నీ దళానివే. మెలిక ఒకటుంది. మొదటి పరీక్ష తప్పితే హక్కు పోతుంది, హక్కు పోయినవాళ్ళు మళ్ళీ కట్టెక్కాలి. తొడపాశం పెట్టి జోల పాడడమంటే ఇదే.

నాకు మళ్ళీ కట్టెక్కాలని లేదు. ఆ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను. నీళ్ళ చదువు చదివి, ఈ కొండమీద మంచు వలలు చూసుకునే పనిలో కుదురుకుని, పళ్ళూడిన ముసలిదాన్నయ్యాక మంచం మీద చస్తాను. గండిలో చావను.

ఈ రోజు మెస్సులో నవ్వులపాలయ్యాం. మా ఒకటో మనిషి అప్పలకొండ అన్న నాలుగు ఖాళీ కంచాలు పట్టుకొచ్చాడు. రెండో మనిషి సూరప్పడు నలుగురికీ సరిపడా అన్నం తెచ్చాడు. నేను కూర తెచ్చాను. నాలుగో మనిషి సన్యాసమ్మ మంచినీళ్ళు తెచ్చింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వరసలో నిలబడ్డ కొండ కుర్రాడొకడు, "మీ నలుగురికీ కలిపి కాళ్ళెన్ని?" అని అడిగాడు.

"ఎనిమిది. దగ్గిరికి రా, ఒకోటీ లెక్కెట్టి తన్ని సూపిత్తాను" అన్నాడు సూరప్పడు.

ఆరుద్ర కార్తె

తెల్లవారకముందే లేచి, రాత్రి పొగమంచుని నీళ్ళుగా పట్టే మంచు వలలు దులపాలి. కొండమీద నీళ్ళంటే అవే. దులిపిన నీళ్ళు తొట్లోకి దిగాక తొట్టి కడగాలి, వలలో ఇరుక్కున్న పురుగులు ఏరాలి, ఆ తరవాతే క్లాసు. ఆ పని నాకు బాగానే ఉంది. క్లాసే బాగాలేదు.

మేడం పాఠం చెప్పింది. మంచు ఎలా పడుతుంది, వల ఎలా నెయ్యాలి, పట్టిన నీళ్ళు ఎలా శుభ్రం చెయ్యాలి, ఊరికెలా పంచాలి. నాకు శుభ్రం చెయ్యడం ఒక్కటే వచ్చింది. అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. మిగతా మూడూ విన్నాను, రాసుకున్నాను కూడా. అడిగితే మాత్రం నోట్లోంచి రావడం లేదు. సాయంత్రం బట్టలుతికే బండ దగ్గర నలుగురం కూర్చుంటే సంగతి తేలింది. మంచు పడడం అప్పలకొండ అన్నకి వచ్చింది, వల నెయ్యడం సూరప్పడికి, పంచడం సన్యాసమ్మకి. బిళ్ళ తీశారు గాని అలవాటు తియ్యలేదు. ముడి ఉన్నప్పుడు రెప్పపాటులో నలుగురికీ అందే పాఠం ఇప్పుడు నోటితో చెప్పుకుంటే పొద్దు గూకిపోతోంది, అయినా చెప్పుకున్నది నిలవడం లేదు. చిల్లికుండలో నీళ్ళు పోసుకుంటున్నాం.

సన్యాసమ్మది నా గదే. నాకన్నా చిన్నది, అక్కా అనడానికి అప్పా అంటుంది, మాట తక్కువ. మంచం గోడకి జరుపుకుని, గోడకి చెవి ఆనించి పడుకుంటుంది.

"ఏటినపడతాంది?" అని అడిగాను.

"ఏటీ ఇనపడదప్పా" అంది. "ఏటీ ఇనపడకపోతే నాకు బయ్యమేత్తాది."

ఆశ్లేష కార్తె

చిన్న పరీక్ష పెట్టారు. పెద్ద పరీక్ష ఎలా ఉంటుందో తెలియడానికట. తెలిసింది.

కాగితం మీద నాలుగు ప్రశ్నలు. నేను మూడోది చదివాను, రాశాను, రెండు వైపులా నింపేశాను. పెన్ను పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చున్నాను. చాలా రోజుల తరవాత మనసుకి హాయిగా అనిపించింది. కట్టమీద బస్తా దింపాక అలాగే కూర్చునేదాన్ని. నా పని అయింది, మిగతా ముగ్గురి పనీ అవుతుంది. కొండవాళ్ళందరూ చివరిదాకా గీకుతూనే ఉంటే, పాపం వీళ్ళకి ఎంత పనో అనుకున్నాను కూడా! ఎంత తెలివైనదాన్నో చూడండి.

మర్నాడు మేడం మా నలుగురినీ పిలిచి నాలుగు కాగితాలూ బల్లమీద పక్కపక్కన పరిచింది. అప్పలకొండ అన్నది మొదటి ప్రశ్న, సూరప్పడిది రెండోది, నాది మూడోది, సన్యాసమ్మది నాలుగోది. నాలుగూ కలిపితే ఒక్క తప్పు లేని కాగితం.

"మిగతావి ఎందుకు రాయలేదు?" అని అడిగింది మేడం. కోపంగా అడగలేదు, నిజంగానే తెలియక అడిగింది.

"అయి మాయి కావు గదా మేడం" అన్నాడు అప్పలకొండ అన్న.

"మరి ఎవరివి?"

అన్న మా ముగ్గురినీ చూపించాడు. మేడం నాలుగు కాగితాలూ మళ్ళీ ఒక దొంతరగా పేర్చింది. తరవాత, "నాలుగు ప్రశ్నలూ ఒక్కరే రాయాలి. అనూరాధ కార్తెలో పెద్ద పరీక్ష. అందులోనూ ఇలాగే రాస్తే నలుగురూ తప్పినట్టే" అంది.

మేం బయటికొచ్చి వరండాలో నిలబడ్డాం. ఎవరికీ నవ్వు రాలేదు.

మఖ కార్తె

మేడం మమ్మల్ని విడదీసింది. నాలుగు గదులు, నాలుగు బల్లలు, ఒక్కొక్కరికీ నాలుగు పాఠాలు. నేను ఒకటో ప్రశ్న ముందేసుకుని కూర్చున్నాను. జవాబు కళ్ళెదుట పుస్తకంలోనే ఉంది. చూసి రాయమంది మేడం. చూసి రాయడానికి కూడా చెయ్యి కదల్లేదు. బలవంతంగా కదిపితే కిటికీలోంచి కక్కుకున్నాను.

మేడం నా వీపు నిమిరి, "ఏమవుతోంది నీకు? చెప్పు" అంది. చెప్పాను. ఆవిడకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

కట్టమీద ఒకరి పని ఇంకొకరు ముట్టుకోరు. ముట్టుకుంటే బతికున్నవాడికి పిండం పెట్టినట్టే. గండి పడి, మనిషి కొట్టుకుపోతే, చూసినవాళ్ళు గట్టిగా పిలుస్తారు. 'రెండు లేడు' అని. దాన్ని పిలుపు అంటాం. పిలుపు పడగానే అతని వైపు ముడి మూసుకుంటుంది, అతని పని మిగతావాళ్ళ చేతుల్లోకి వస్తుంది. అంతవరకూ రాదు. పిలుపుని వెనక్కి తీసుకునే మాట మా దగ్గర లేదు.

ఒకసారి పక్క జట్టులో పోలయ్య అనే రెండో మనిషి కెరటంలో పోయాడు. పిలిచేశారు. కాసేపటికి తాడు పట్టుకుని బతికి పైకొచ్చాడు. తడిసి ముద్దయి వాళ్ళ పక్కనే నిలబడ్డాడు. ముగ్గురిలో ఒక్కరూ తల తిప్పలేదు, ఎందుకంటే వాళ్ళకి అతను అందడం లేదు. పోలయ్య కాసేపు చూసి, చేతిలో తాడు తనే కింద పెట్టేశాడు. పెట్టమని ఎవరూ చెప్పలేదు. తరవాత వంటశాలకి పంపారు. అందరికీ వడ్డించి, గోడవైపు తిరిగి తినేవాడు.

"అందుకే రాయలేను మేడం" అన్నాను. "ఒకటో ప్రశ్న రాస్తే అప్పలకొండ అన్న లేడన్నట్టు."

"కానీ అతను ఉన్నాడుగా. పక్క గదిలోనే ఉన్నాడు."

"అదే కదా మేడం గొడవ."

ఉత్తర కార్తె

దళంనించి సంక్షేమాధికారి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నటి గడ్డం, కట్ట ఎక్కిన మొహం కాదు. మా నలుగురికీ టీ ఇప్పించాడు. చదువు ఎలా ఉందని అడిగాడు. సూరప్పడు అవకాశం దొరికిందని మొదలెట్టాడు.

"మా నలుగురికీ కలిపి ఒక్క పట్టా ఇచ్చీండి సార్. ఒక్క ఉద్యోగం ఇచ్చీండి. నలుగురం కలిసి సేసుకుంతాం, ఒక్కరి కూడే పంచుకుంతాం. మాకేటీ బాద లేదు."

అధికారి నవ్వాడు. "హక్కు మనిషికయ్యా, జట్టుకి కాదు."

"కట్టమీద మనిసి లేడు, జట్టే ఉందన్నారు గదా సార్? సెలవడిగితే జట్టన్నారు. జొరమొత్తే జట్టన్నారు. ఇప్పుడు మనిసంతన్నారేటి?"

"అక్కడి రూలు అక్కడ, ఇక్కడి రూలు ఇక్కడ."

"మరి మమ్మల్ని ఇక్కడికి ఎందుకు పంపారు సార్, ఇక్కడి రూలు నేర్పకుండా?" అన్నాను నేను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన టీ తాగడం ఆపి నన్ను చూశాడు. కట్టమీద జట్లు తక్కువగా ఉన్నాయని, తుపానుల కాలం వస్తోందని, పరీక్ష తప్పినవాళ్ళని వెంటనే తీసుకు రమ్మని పైనించి మాట వచ్చిందని చెప్పాడు. బెదిరించినట్టు కాదు, వానొస్తుంది గొడుగు పట్టుకెళ్ళు అన్నట్టు చెప్పాడు. అలా చెబితేనే నాకు ఎక్కువ భయం వేసింది.

ఈ మనుషులకి మేం చదువుకోవడం ఇష్టం లేదు. ఇచ్చామని చెప్పుకోవడం ఇష్టం.

చిత్త కార్తె

సూరప్పడు వెళ్ళిపోయాడు.

వారం రోజులనించీ పుస్తకం తెరవలేదు. ఈ పొద్దున వలలు దులపడానికి వెళ్తే నా పని కూడా అతనే చేసేసి తొట్టి దగ్గర కూర్చున్నాడు. నా పని ముట్టుకున్నాడంటే మతి చలించిందనుకున్నాను.

"ఏటీ లేదులే. నువ్వు దులపాల్సిన వలలు నాయే అనుకున్నాను" అన్నాడు. తరవాత, "నానెల్లిపోతన్నాను. ఎలాగా తప్పుతాను. పరీచ్చ తప్పి ఎల్లేకంటే, తప్పక ముందే ఎల్లిపోతే మర్యాదగా ఉంతాది" అన్నాడు.

"సచ్చిపోతావురా" అన్నాను.

"ఇక్కడేటి బతికున్నానేటి? అక్కడయితే నా తాడు నా సేతిలో ఉంతాది."

అప్పలకొండ అన్న బతిమాలాడు, తిట్టాడు, చివరికి కొట్టబోయాడు. సన్యాసమ్మ గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. సూరప్పడు ఆమె మీంచి దాటి వెళ్ళాడు. దిగువకి వెళ్ళే ఉప్పు లారీలో ఎక్కాడు. చెయ్యి ఊపలేదు. మాకు చేతులూపడం అలవాటు లేదు.

స్వాతి కార్తె

తుపాను మూడు రోజులు కొండని కూడా కుదిపింది. వలలు చిరిగిపోయాయి. క్లాసులు లేవు. తడి బట్టలు ఆరక గదంతా ముక్కిన వాసన. కట్టకి దక్షిణం వైపు గండి పడిందని మెస్సులో అనుకున్నారు.

ఈ రోజు మధ్యాహ్నం గదిలో కూర్చుని ఊరికే పెన్ను పట్టుకున్నాను. ఊరికే అంటే ఊరికే. కాసేపటికి చూస్తే, వల ఎలా నెయ్యాలో రాస్తున్నాను. పడుగు ఎంత దూరం, ముడి ఎక్కడ, గాలి ఎటు తగలాలి. గబగబా, ఆగకుండా, చక్కగా. అది రెండో ప్రశ్న. అది సూరప్పడిది.

పెన్ను విసిరేశాను. తలెత్తితే సన్యాసమ్మ తన కాగితం చేత్తో పట్టుకుని నన్నే చూస్తోంది. ఆమె కూడా అదే రాస్తోంది.

"అప్పా" అంది.

ఇద్దరం పరిగెత్తి అప్పలకొండ అన్న గదికి వెళ్ళాం. అన్న బల్లమీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. తల కింద కాగితం. దానిమీద వల నేసే పద్ధతి.

సాయంత్రానికి కబురు వచ్చింది. అప్పటికి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కట్టమీద ఎవరో పిలిచి ఉంటారు. ముడి విప్పేశామన్నారు గదా, మరి మాకెలా అందింది? ఆ సంగతి దళంవాళ్ళని అడగాలని ఉంది. అడిగి మాత్రం ఏం చేస్తాను? నాకు ఇప్పుడు రెండు ప్రశ్నలు వచ్చు. నా తమ్ముడిలాంటివాడు చచ్చిపోయి నాకొక ప్రశ్న ఇచ్చి వెళ్ళాడు. ఇలాంటి చదువు పగవాడికి కూడా వద్దు.

విశాఖ కార్తె

వసుంధర మేడం మాకోసం పైవాళ్ళతో కొట్లాడింది. నాలుగిట్లో మూడు రాస్తే గట్టెక్కినట్టే అని ఒప్పించి వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది. "ఇంతకన్నా నావల్ల కాలేదమ్మా" అంది. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టబోతే తిట్టింది.

మూడు చాలు. ముగ్గురికీ తలా రెండు వచ్చు. ఇంకొక్కటి కావాలి. ఒక్కటంటే ఒక్క మనిషి.

బట్టలుతికే బండ దగ్గర ముగ్గురం కూర్చున్నాం. నా మనసులో ఏముందో దాచుకోను: సన్యాసమ్మని చూసి, అప్పలకొండ అన్నని చూసి, ఎవరు అయితే నాకు తక్కువ నొప్పి అని లెక్క వేసుకున్నాను. అంత దిగజారాను. భయం మనిషిని ఎంతకైనా దించుతుంది.

అప్పలకొండ అన్న గొంతు సవరించుకున్నాడు. "నన్ను పిలిసీండి" అన్నాడు.

"ఒద్దన్నా" అంది సన్యాసమ్మ.

"ఇనండి ముందు. ఒకలు ఎల్తే ఇద్దరు మిగుల్తారు. ఎవులూ ఎల్లకపోతే ముగ్గురం ఎల్తాం. ఇందులో ఆలోసించీదేటుంది? ఒకటో మనిసిని నాను. ముందు నడిసీదే నా పని."

"నీకు బయ్యం లేదేటి?" అన్నాను.

"ఎందుకు లేదు, సాలా ఉంది" అన్నాడు. "సూరప్పడు పోయినకాడినించి ఒంటేలుక్కూడా ఒక్కణ్ణీ ఎల్లలేకపోతన్నాను. అయినా సరే. పరీచ్చలో కూకున్నాక నువ్వు పిలు, మూడూ. నీ గొంతు గట్టిది. దానికి పిలవడం సేతకాదు."

సన్యాసమ్మకి నిజంగానే చేతకాదు. నాలుగో మనిషి వినడానికే గాని అరవడానికి కాదు. పిలుపు విన్నవాళ్ళందరికీ పనిచేస్తుంది కాబట్టి నేను పిలిస్తే చాలు. సరేనన్నాను. అన్న చేతులు పట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూనే, ఇక నేను గండిలో దిగక్కర్లేదు అనుకున్నాను. రెండూ నిజమే.

అనూరాధ కార్తె

ఈ రోజు పరీక్ష జరిగింది. రాయాలని లేదు, కాని రాయకపోతే పిచ్చెక్కుతుంది.

మేడం ముందే అనుమతి తీసుకుంది. కాగితాలిచ్చాక కట్టమనిషి ఒకరు లేచి ఒక మాట అంటారని, కంగారు పడొద్దని కొండవాళ్ళకి చెప్పింది. ముగ్గురినీ మూడు మూలల్లో కూర్చోబెట్టారు. సన్యాసమ్మ వెంటనే నాలుగో ప్రశ్న మొదలెట్టింది. తొందర తొందరగా రాస్తోంది, నాలిక పంటికింద పెట్టుకుని. అప్పలకొండ అన్న కాగితం మీద పేరు మాత్రం రాసి నావైపు చూశాడు.

లేచాను. హాలంతా నన్నే చూస్తోంది.

"ఒకటి లేడు" అన్నాను.

అన్న తలూపి పెన్ను బల్లమీద పెట్టాడు. అక్కడ ఆగాలి. ఆగాలని నాకు తెలుసు. నా నోటికి తెలియలేదు.

"రెండు లేడు. నాలుగు లేదు."

శిక్షణలో, నాలుగో మనిషికి తప్ప, మాకు పిలుపు అలాగే నేర్పారు. ముడి వెయ్యకముందు రోజూ పొద్దున్నే వరసలో నిలబెట్టి, తక్కిన ముగ్గురినీ ఒకే ఊపిరిలో పిలిపించేవాళ్ళు, గండి దగ్గర నోరు తడబడకూడదని. మధ్యలో ఆపడం ఎవరూ నేర్పలేదు. కట్టమీద నేనెప్పుడూ పిలవలేదు, నా అదృష్టంకొద్దీ అవసరం రాలేదు. మొదటిసారి పిలిచాను, నేర్పినట్టే పిలిచాను.

సన్యాసమ్మ తలెత్తింది. వాక్యం సగంలో ఉంది. పెన్ను మూత పెట్టింది, కాగితం పక్కన జాగ్రత్తగా పెట్టింది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నన్ను తప్పు పట్టినట్టు కూడా చూడలేదు.

"కాదు! నిన్ను కాదు! రాయి సన్నేసమ్మా, రాయే!" అని అరిచాను. మేడం పరిగెత్తుకొచ్చింది. ఆమె పక్కన మోకాళ్ళమీద కూర్చుని, పెన్ను తీసి ఆమె వేళ్ళమధ్య పెట్టింది. వేళ్ళు ముడుచుకోలేదు. పెన్ను దొర్లి కింద పడింది. అప్పలకొండ అన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తనని తాను ఇచ్చుకున్నది ఇద్దరికోసం. నేను సగం నేలపాలు చేశాను.

ఇంకా ఘోరం ఏమిటంటే, నా చెయ్యి రాయడం మొదలెట్టింది. నేను ఇంకా ఏడుస్తూనే ఉన్నాను, అది రాస్తోంది. మంచు ఎలా పడుతుందో రాసింది. వల ఎలా నెయ్యాలో రాసింది. నాది రాసింది. సన్యాసమ్మ సగంలో వదిలేసిన జవాబు కూడా మొత్తం రాసింది. దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని ఆపాలని చూశాను. గట్టిగా పట్టుకోలేదేమో. ఇప్పటికీ నాకు తెలియడం లేదు.

జ్యేష్ఠ కార్తె

క్లాసులో నేనే మొదటిదాన్నట. మంచు వలల పనికి నా పేరు ఇప్పటినించే రాసుకున్నారు. మెస్సులో మా కాళ్ళెన్నని అడిగిన కుర్రాడే వచ్చి, తలవంచుకుని, అభినందనలు చెప్పి వెళ్ళాడు.

మేడం రెండోసారి పరీక్ష పెట్టమని పైవాళ్ళని అడిగింది. వినలేదు. పొద్దున దళంవాళ్ళ బండి వచ్చింది, అధికారి కూడా వచ్చాడు. అప్పలకొండ అన్న వెళ్ళి ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. పిలిచేసినవాళ్ళవైపు తల తిప్పకూడదు, అయినా నేను వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి "అన్నా" అన్నాను. రోడ్డువైపే చూస్తూ, "నువ్వు సదువుకో" అన్నాడు. కోపం ఉందో లేదో ఆ గొంతులో నాకు తెలియలేదు. నన్ను మూడూ అని పిలవలేదు, అంతే తెలిసింది.

అధికారి కాగితం చూసి చెప్పాడు. దక్షిణపు గండి దగ్గర జట్లు సగం సగం ఉన్నాయట. సన్యాసమ్మని ఒక జట్టులో మూడో మనిషిగా వేశారట.

"ఆమె నాలుగు సార్. వినడం తప్ప ఆమెకేం రాదు" అన్నాను.

"అక్కడ నేర్పుతారులే."

అక్కడ ఎవరూ నేర్పరు. గండిలో దిగేది మూడో మనిషే. బస్తా మూతి సరిగ్గా కట్టడం రాకపోతే ఇసక కారిపోతుంది, బస్తా తేలికవుతుంది, దానితోపాటు మనిషి పోతుంది. మొదటి గండికే పోతుంది.

సన్యాసమ్మ మూట పట్టుకుని మెట్లమీద కూర్చుని ఉంది. పరీక్షనించి నాతో మాట్లాడలేదు. ఈ రోజు మాట్లాడింది.

"అప్పా, మూడో మనిసి ఏటి సెయ్యాల?"

మెస్సులోకి పరిగెత్తి ఖాళీ బియ్యం బస్తా, పురికొస తాడు తెచ్చాను. మెట్ల పక్కన మట్టి ఎత్తి బస్తాలో పోశాను. మూతి ఎలా మడవాలో, తాడు ఎక్కడ తిప్పాలో, మోకాలు ఎక్కడ పెట్టి బిగించాలో చూపించాను. ఆమె శ్రద్ధగా చూసింది. తాడు చేతికిచ్చాను. పట్టుకుంది. చేతులు కదల్లేదు. మళ్ళీ చూపించాను. మళ్ళీ కదల్లేదు. ఆమె పెదాలు తెల్లబడ్డాయి, వెళ్ళి పక్కన కక్కుకుని వచ్చింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఎదురుగా నేనున్నాను.

"నన్ను పిలు" అన్నాను.

"ఒద్దప్పా."

"పిలవకపోతే నీకు రాదే. రాకపోతే సచ్చిపోతావు. పిలు."

"నువ్వున్నావు గదా. ఇదుగో, ఇక్కడే ఉన్నావు గదా" అంది. నా జాకెట్టు చెయ్యి పట్టుకుంది. "నానెప్పుడూ పిలవలేదు. నాకు రాదు. నిన్ను పిలిసీసి ఆ సంద్రంకాడ ఎవుల్ని తలుసుకుంతాను?"

"నాను నిన్ను పిలవలేదేటి? నోరు జారి పిలిసినాను. నువ్వు తెలిసి పిలు. నామీద కోపంతో అయినా పిలు. నీకు దణ్ణం పెడతాను."

బండి స్టార్టు చేశారు. సన్యాసమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత కళ్ళు మూసుకుంది. ఆమె గొంతు చాలా చిన్నది, అయినా నాకు వినిపించింది.

"మూడు లేదు."

కళ్ళు తెరిచి, నా పక్కనించి, నా వెనకాల ఉన్న గోడని చూసింది. నా జాకెట్టు వదిలేసింది. వంగి తాడు అందుకుంది. మూతి మడిచింది, తాడు తిప్పింది, మోకాలు ఆనించింది. నేను ఎలా చేస్తానో అలాగే, ఎడమ భుజం కాస్త పైకెత్తి బిగించింది. బస్తా ఎత్తి తలకిందులు చేసినా చిటికెడు మట్టి కూడా రాలలేదు.

అధికారి హారన్ కొట్టించాడు. నేను బస్తా ముడి విప్పేసి, తాడు మళ్ళీ ఆమె ముందు పెట్టాను. ఇంకోసారి కట్టమన్నాను. విన్నదో లేదో తెలియదు గాని, కట్టింది.